ముందు ఇల్లెక్కడో తేల్చుకో

చిన్నా,

డిసెంబర్లో డాలస్ వెళ్ళి పది రోజులుండి వస్తే మరో ఏడాదిపాటు గ్రీన్‌కార్డుకి ఢోకా ఉండదని మొన్న ఫోన్లో అన్నావు. మీ అమ్మ, మా వదిన, పక్కనే ఉందని అప్పుడు నేనేమీ అనలేదు. వింటే తన మూలంగానే నీకీ తిప్పలని మనసు కష్టపెట్టుకుంటుంది. అందుకే పొద్దున్నే కాఫీ కలుపుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వూ తీరిక చేసుకుని చదువు. ఆఫీసు కాల్‌లో కెమెరా ఆపేసి చదివే ఉత్తరం కాదు.

ఈ "టచ్ చేసి రావడం" అన్నది మనవాళ్ళలో ఎవరు మొదలుపెట్టారో గానీ బాగా పాతుకుపోయింది. ఆర్నెల్లకోసారి వెళ్ళొస్తే చాలని కొందరు, ఏడాది దాటకుండా చూసుకుంటే చాలని కొందరు. పుష్కరాలకి వెళ్ళి ఒక మునకేసి వచ్చినట్టన్నమాట. చట్టంలో రోజుల లెక్క లేదని కాదు. 180 రోజులు దాటి ఏకధాటిగా బయట ఉన్నవాడిని కొత్తగా లోపలికి రానివ్వమని అడుగుతున్నవాడిగా చూసి ప్రశ్నలు వెయ్యొచ్చు. ఏడాది నిండితే ఆ కార్డొక్కటీ పట్టుకుని తిరిగి రావడానికి అది చెల్లదు. ఈ రెండూ నిజమే. కానీ ఈ గీతల లోపల ఉంటే కార్డు భద్రమని మాత్రం ఎక్కడా రాసిలేదు. ఇమిగ్రేషన్ వాళ్ళు చూసేది వేరు. నువ్వు బయటికి వచ్చింది ఏదో ఒక పని ముగించుకుని తిరిగి వెళ్ళడానికా, లేక అక్కడ కాపురం ఎత్తేసి వచ్చావా?

1975లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తేల్చిన కేసొకటుంది. కేన్ కేసంటారు. ఆవిడది జమైకా. గ్రీన్‌కార్డుంది. సొంత ఊళ్ళో లాడ్జింగ్ నడుపుకుంటూ ఏడాదిలో 11 నెలలు అక్కడే ఉండేది, మిగతా నెల అమెరికా వచ్చి వెళ్ళేది. అంటే ఏడాది గీత ఆవిడ దాటలేదు. అయినా ఆవిడ ఇల్లు జమైకాలోనే ఉందని, అమెరికాకి ఆవిడ చుట్టపుచూపుగా వస్తోందని, రెసిడెంట్ హోదా వదిలేసుకున్నట్టేనని బోర్డు తేల్చింది. నీకూ ఆవిడకూ నాకు కనిపిస్తున్న తేడా ఒక్కటే. నువ్వు లాడ్జింగ్ నడపడం లేదు.

కోపం తెచ్చుకోకు. ఒక పరాయివాడు నీ ఫైలు తెరిస్తే ఏం కనిపిస్తుందో చూడు. ఫ్రిస్కో ఇల్లు అమ్మేశావు. తెల్లాపూర్లో ఫ్లాటు కొన్నావు. పిల్లలిద్దరూ ఇక్కడి బడిలో చేరి, సంక్రాంతి సెలవులెప్పుడో చెప్పే స్థితికి వచ్చారు. "కంపెనీ అమెరికాదే కదత్తా" అంటావు. కంపెనీ ఎక్కడిదైతేనేం, నీకు జీతం పడేది గచ్చిబౌలిలో, రూపాయల్లో, పీఎఫ్ కోసుకుని. అమెరికా కంపెనీ అన్నది ఏ కొంచెమో పనికొస్తుందేమో గానీ కేసంతా దాని మీద నిలబడదు. ఇంకొకటి: మీ సీఏ ఎవరో నాన్‌రెసిడెంట్‌గా రిటర్ను వేస్తే అమెరికా పన్ను తప్పుతుందన్నాడని చెప్పావు. వెయ్యలేదు కదా? "నేను అక్కడివాణ్ణి కాదు" అని నీ చేత్తో నువ్వు రాసిచ్చాక, ఎయిర్‌పోర్టులో "నేను అక్కడివాణ్ణే" అంటే ఎవడు నమ్ముతాడు? కార్డు ఉన్నన్నాళ్ళూ రెసిడెంట్‌గానే 1040 రిటర్ను వెయ్యాలి, ఇక్కడి జీతం కూడా అందులో చూపించాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఆ లెక్క విడిగా చెప్పాలి. ఇవి నీకు తెలిసినవే, చేస్తున్నావో లేదో అడుగుతున్నానంతే.

వదినకి పక్షవాతం వచ్చిన రాత్రి నువ్వు ఉన్నపళంగా బయలుదేరి రావడంలో ఏ తప్పూ లేదు. అది తాత్కాలికమైన పనే, ఏ ఆఫీసరు ముందైనా తలెత్తుకుని చెప్పుకోగల కారణమే. అయితే ఆవిడ మూడుకాళ్ళ కర్ర వదిలేసి తులసికోట దాకా తనంతట తనే నడుస్తోంది కదరా ఇప్పుడు. నువ్వు ఫ్లాటు కొన్నది ఆ తరవాత. కారణం తీరిపోయాక కూడా ఆగిపోయినవాడిని అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

నేను ఫోన్ మీద ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన సంగతి నీకు తెలుసు. పేర్లూ ఊళ్ళూ చెప్పకూడదు, చెప్పను. ఒక రాత్రి ఏదో ఎయిర్‌పోర్టు నుంచి కాల్ వచ్చింది. లైన్లోంచి తప్పించి పక్కగదిలో కూర్చోబెట్టిన ఒక పెద్దాయన, ఆయన భార్య. కొడుకు స్పాన్సర్ చేసిన కార్డులు ఇద్దరివీ. ఆఫీసరు గొంతులో కోపం లేదు, తొందరా లేదు.

"ఈసారి ఎన్నాళ్ళుంటారు?" అనడిగాడు.

"రెండు నెలలండి. కోతల నాటికి వెళ్ళిపోవాలి."

"మీ ఇల్లెక్కడ?"

"మా ఊళ్ళోనేనండి. డాబా."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ మాకు ఇల్లేముందండీ, అది మా అబ్బాయిది. మనవల్ని చూసుకుందామని వచ్చాం."

అన్నీ నిజాలే. ఒక్కొక్క జవాబూ ఇంగ్లీషులో చెబుతుంటే ఇది ఎక్కడికి వెళ్ళి ఆగుతుందో నాకు అర్థమవుతూనే ఉంది. ఆ పనిలో ఉన్న మనిషి సొంతమాట ఒక్కటి కూడా కలపకూడదు. చివరికి ఆఫీసరు ఐ-407 అనే కాగితం ముందు పెట్టాడు. రెసిడెంట్ హోదా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం అది. "దీని మీద సంతకం పెడితే ఏమవుతుందమ్మా?" అని పెద్దాయన నన్నే అడిగాడు. నేను ఆ ప్రశ్ననీ ఆఫీసరుకే అప్పజెప్పాను. కార్డు పోతుంది, ఈసారికి మాత్రం మనవల దగ్గరికి పంపిస్తాం అన్నాడతను. పెద్దాయన పెట్టేశాడు. పెట్టాక భార్యతో అన్న మాటని కూడా నేను ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది: "పోన్లే, ఇక ఆర్నెల్లకోసారి పరిగెత్తే పని తప్పింది."

ఆయనకి అది మేలే అయింది. నీ సంగతి అది కాదు. ఆ గదిలో కూర్చోవలసి వస్తే తెలిసి ఉండాల్సినవి కొన్నున్నాయి. ఆ సంతకం ఇష్టపూర్వకంగా పెట్టాల్సింది, పెట్టి తీరాలని ఎవరూ అనకూడదు. "నేను వదులుకోలేదు, జడ్జి ముందు చెప్పుకుంటాను" అనే హక్కు నీకుంది. అప్పుడు ఇమిగ్రేషన్ కోర్టుకి నోటీసిస్తారు. కార్డు తీసుకున్నా, కేసు తేలేదాకా నీ హోదాకి ఆధారంగా వేరే ఏదో ఇవ్వాలి. అక్కడ రుజువు భారం ప్రభుత్వానిదే, అదీ స్పష్టంగా, సందేహానికి తావు లేకుండా. ఒక్క మెలిక ఉంది. చవగ్గా వస్తుందని నువ్వు అబుదాబి మీదుగా టికెట్టు తీస్తుంటావు. ఆ దారిలో అమెరికా తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. అక్కడ తేడా వస్తే విమానమే ఎక్కనివ్వకపోవచ్చు. డాలస్‌లో దిగినవాడు జడ్జిని అడిగినంత తేలిగ్గా అబుదాబిలో నిలబడ్డవాడు అడగలేడు. ఇలాంటి ప్రయాణానికి ఆ దారి వద్దు. ఇంకో వంద డాలర్లు ఎక్కువైనా ఫరవాలేదు.

ఇక నీ ముందున్నవి రెండే దార్లు. మధ్యలో మూడోది ఉందని నువ్వు నీకు చెప్పుకుంటున్నావు, లేదు.

వెళ్ళి ఉండాలనుకుంటే దానికో తేదీ పెట్టుకో. నీ కంపెనీ అక్కడి ఆఫీసుకి తిరిగి తీసుకుంటుందని రాతపూర్వకంగా అడుగు. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఒక అద్దె ఇల్లు, పిల్లలకి బడి. వదిన వైద్యం తాలూకు డిశ్చార్జి సమ్మరీలూ ఫిజియోథెరపీ బిల్లులూ ఒక్కచోట పెట్టు. తీరా వెళ్ళాక ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండక తప్పదనిపిస్తే రీఎంట్రీ పర్మిట్ అడగొచ్చు, ఫారం ఐ-131. దరఖాస్తు పెట్టేనాటికి నువ్వు అమెరికాలో ఉండాలి, వేలిముద్రలకి పిలిస్తే వెళ్ళాలి, కాబట్టి పది రోజుల ప్రయాణంలో అది కుదరకపోవచ్చు. రెండేళ్ళకి ఇస్తారు, పొడిగించరు. గడిచిన 5 ఏళ్ళలో 4 ఏళ్ళకి పైగా బయటే ఉన్నవాళ్ళకి మామూలుగా ఒక్క ఏడాదికే. పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన కాపురం ఎత్తేసినవాడు కాకుండా పోడు, తిరిగి వెళ్ళే ఉద్దేశం ఉందనడానికి అదొక సాక్ష్యమంతే. ఏడాది దాటి పర్మిట్ లేక ఇరుక్కుపోయినవాళ్ళకి కాన్సులేట్‌లో ఎస్‌బి-1 వీసా అని ఉంది గానీ, మన చేతిలో లేని కారణంగా ఆగిపోయామని చూపించాలి. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు చిక్కుకున్నవాళ్ళు అలా చెప్పుకోగలిగారు. ఫ్లాటుకి ఇంటీరియర్ చేయించుకుంటూ ఆగిపోయానంటే ఎవరూ వినరు.

పెద్దాడి గురించి ఆలోచించావా? అసలు నన్ను నిద్రపోనివ్వనిది అదే. చిన్నది ప్లేనోలో పుట్టింది, దాని పౌరసత్వాన్ని ఎవరూ కదపలేరు. 21 నిండాక కావాలంటే అదే నిన్ను స్పాన్సర్ చేస్తుంది. కోడలు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు పుట్టాడు పెద్దాడు. వీడికున్నది మీ వెంట వచ్చిన కార్డే. చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రుల ఉద్దేశమే పిల్లల ఉద్దేశంగా లెక్క. నువ్వు వదులుకున్నావని తేలితే పదేళ్ళ వాడూ వదులుకున్నట్టే, వాడినెవరూ విడిగా అడగరు. అదే నువ్వు వెళ్ళి స్థిరపడి, వాడికి 18 నిండేలోగా సిటిజనువైతే, కార్డుతో నీ దగ్గరే అక్కడ ఉన్నవాడు నీతోపాటే సిటిజనవుతాడు, వేరే పరీక్ష లేదు. అయితే సిటిజన్‌షిప్‌కి కావాల్సిన నీ అయిదేళ్ళ లెక్క ఈ మధ్య బయట ఉన్న రోజులతో తెగిపోయి ఉండొచ్చు, అంటే దాదాపు మొదటికొచ్చినట్టే. పదికి అయిదు కలుపు, ఆ పైన దరఖాస్తుకి పట్టే కాలం. ఇంకో మూడేళ్ళు టచ్ చేసుకుంటూ గడిపితే ఆ లెక్క ఎక్కడికి పోతుందో నువ్వే చూడు.

రెండో దారి, ఇక్కడే ఉండిపోవడం. అలాగైతే కార్డు నువ్వే తిరిగి ఇచ్చెయ్. ఐ-407 నింపి పోస్టులో పంపొచ్చు, ఫీజు లేదు. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు గదిలో కళ్ళు మూతలు పడుతుంటే పెట్టే సంతకం కన్నా మీ డైనింగ్ టేబుల్ దగ్గర పెట్టే సంతకం మేలు. ఆ తరవాత అమెరికా వెళ్ళాలంటే విజిటర్ వీసా అడగాలి. ఇస్తారని హామీ ఎవరూ ఇవ్వరు, కానీ నిజాయితీగా కార్డు తిరిగిచ్చినవాడు అడగడానికి వెనకాడక్కర్లేదు. పన్ను వైపు నుంచి కూడా ఇది వాయిదా వెయ్యకూడని పని. చివరి 15 ఏళ్ళలో 8 పన్ను సంవత్సరాలు కార్డు ఉన్నవాడు దాన్ని వదులుకుంటే ఫారం 8854 అనీ, ఆస్తి 20 లక్షల డాలర్లు చేరితే దేశం విడిచే పన్ను అనీ వేరే కథ మొదలవుతుంది. హైదరాబాద్‌లో కూర్చున్నా ఆ సంవత్సరాలు సాధారణంగా పెరుగుతూనే ఉంటాయి. నీకింకా 8 నిండలేదు. కార్డు మీద తేదీ అయిపోతే దానంతటదే పోతుందిలే అనుకునేవాళ్ళు కొందరున్నారు. తేదీ ప్లాస్టిక్కుకే, హోదాకి కాదు. పన్ను బాధ్యత అలాగే ఉంటుంది.

నన్నడిగితే, నువ్వు ఉండిపోదామనే వచ్చినవాడివి. నోరు తెరిచి ఆ మాట అనలేకపోతున్నావు. ఎందుకో నాకు తెలుసు. గ్రీన్‌కార్డులు దేశానికి ఏడు శాతమే అని పెట్టిన ఆ లెక్కలో మనవాళ్ళు ఏళ్ళకేళ్ళు వరసలో నిలబడాల్సి వస్తోంది. వీసా బులెటిన్ వచ్చిన ప్రతి నెలా నీ ముఖం ఎలా ఉండేదో చూశాను. ఉద్యోగం మారడానికి భయం, మీ నాన్న పోయినప్పుడు రావడానికి కూడా వీసా స్టాంపింగ్ భయం. అంత పెట్టి సంపాదించినదాన్ని వదిలెయ్యమంటే చెయ్యి రాదు. కానీ ఆ వరసలో గడిచిన ఏళ్ళు కార్డు దాచుకున్నంత మాత్రాన తిరిగి రావు కదరా అల్లుడూ. ఇక్కడుండి ఏటా డిసెంబర్ కోసం భయపడుతూ గడిపే ఏళ్ళు కూడా ఆ ఖాతాలోకే పోతాయి.

ఏది తేల్చుకున్నా, టికెట్టు తియ్యడానికి ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడు. ఫీజు చూసి వెనక్కి తగ్గకు, వాట్సాప్ గ్రూపులో అడిగి సరిపెట్టుకోకు. నేను ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన మనిషినే గానీ లాయరుని కాను. పాస్‌పోర్టు స్టాంపుల ప్రకారం రాకపోకల తేదీలన్నీ వరసగా రాసుకుని వెళ్ళు, మూడేళ్ళ రిటర్నులు పట్టుకెళ్ళు. ఇల్లు అమ్మిన కాగితాలు దాచకు, వాటి గురించే ముందు అడుగుతాడు.

అప్పుడు కోడలిని కూడా కూర్చోబెట్టుకో. ఆ అమ్మాయి కార్డు ఆ అమ్మాయిదే, సంతకమూ ఆ అమ్మాయిదే. నీకు ఇక్కడ కుదిరింది. ఫ్రిస్కోలో తను చేస్తున్న ఉద్యోగం వదిలేసి నీ వెంట వచ్చింది. ఇన్నిసార్లు ఫోన్ చేశావు గానీ, తనకేం కావాలో నువ్వింతవరకూ నాకు చెప్పలేదు.

మీ అత్త