పార్థసారథి గుర్రాలను విప్పిన వేళ

 

ఈ వారం వీడియోలో శ్రీకృష్ణుడు యుద్ధం మధ్యలో గుర్రాలకు నీళ్లు పెట్టిన ఘట్టం చెప్పుకున్నాం కదా. అది నాకు గుర్తొచ్చిందే మా తమ్ముడి వల్ల. వాడి సంగతి వీడియోలో చెప్పడానికి టైమ్ సరిపోలేదు, ఇక్కడ చెప్తాను.

మా చిన్నమ్మ వాళ్లది అమ్రాబాద్. శ్రీశైలం వెళ్లేవాళ్లకు మన్ననూర్ చెక్‌పోస్టు తెలిసే ఉంటుంది. అక్కడ మెయిన్ రోడ్డు వదిలి పక్కకు వెళ్తే ఆ ఊరు వస్తుంది. తమ్ముడు కొన్నేళ్లు ట్రాలీ ఆటో నడిపి, పోయినేడు హెవీ లైసెన్స్ తీసుకుని లారీ ఎక్కాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం లోడ్ ఎత్తితే చెన్నైకో బెంగళూరుకో పోవాలి. నెలకు మూడుసార్లు ఇంటికొస్తే గొప్ప. వచ్చినా ఉండేది రెండు రోజులే.

వాడికి ఢోలక్ అంటే ప్రాణం. ఊళ్లో శనివారం భజన వాడు లేకపోతే చప్పగా ఉంటుందంటారు. అందుకే ఇంటికి రాగానే స్నానం చేసి, ఢోలక్ భుజాన వేసుకుని గుడికి వెళ్లిపోయేవాడు. ఏ అర్ధరాత్రో వచ్చి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నం లేవడం, సాయంత్రానికి ఓనర్ ఫోన్. రెండేళ్ల పాప వాణ్ణి చూస్తే అమ్మ వెనక దాక్కోవడం మొదలుపెట్టింది.

"బావా, మీరన్న చెప్పుండ్రి. ఈయన ఇంటికొస్తున్నడో గుడికొస్తున్నడో తెలుస్తలేదు" అంది మరదలు.

నేనూ పెద్దరికం మీదేసుకున్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఎక్సెల్ షీట్ చేశాను. నిద్రకు ఒక రంగు, పాపకు ఒక రంగు. ఢోలక్‌కు గడే లేదు. "కొన్నాళ్లు పక్కన పెట్టరా, ఇల్లు ముఖ్యం" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. ఢోలక్‌ను అటక మీద పెట్టేశాడు.

రెండు ట్రిప్పులయ్యాక మరదలు మళ్లీ ఫోన్ చేసింది. "ఇంట్లనే ఉంటున్నడు బావా. మంచం మీద పడి ఫోన్ చూస్కుంట ఉంటడు. పిల్ల పిలిచినా పలుకడు. గీ మనిషికంటే భజనకు పోయినోడే నయముండె."

ఆ మాట నాకే తగిలింది. నేను పనిచేసేది ఇంట్లోంచే. అమ్మ పక్కన కూర్చుని మాట్లాడుతుంటే 'ఊఁ' కొడుతూ ఆఫీసు మెసేజ్‌లు చదివే నేను వాడికి టైమ్‌టేబుల్ వేశాను!

ఇప్పుడు ద్రోణ పర్వంలోకి వద్దాం. అది యుద్ధంలో పద్నాలుగో రోజు. సూర్యాస్తమయంలోపు సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. అంతకంటే గట్టి డెడ్‌లైన్ ఏముంటుంది? ఇంకా చాలా దూరం ఉంది, గుర్రాలు బాణాలు గుచ్చుకుని అలిసిపోయాయి. అప్పుడు రథం ఆపారు. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువులను అడ్డుకుంటూ, బాణంతో భూమిని చీల్చి నీళ్లు రప్పించాడు. కృష్ణుడు గుర్రాలను పూర్తిగా కాడి నుంచి విప్పి, గుచ్చుకున్న బాణాలు తన చేతులతో తీసి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేపాడు. వాటి అలసట తీరాకే మళ్లీ కట్టాడు.

నన్ను ఆపింది ఆ 'విప్పడం' అన్న మాట. కాడి మీదుండగానే నీళ్లు చూపించి తోలలేదు. నేనూ తమ్ముడూ చేస్తున్నది మాత్రం అదే. ఇంట్లో ఉన్నాం కానీ కాడి దించలేదు.

గీత ఆరో అధ్యాయం పదిహేడో శ్లోకంలో స్వామి ఆహారం, పని, నిద్ర, మెలకువ అన్నీ మితంగా ఉండాలంటాడు. ఆ వరుసలో 'విహారం' కూడా ఉంది. నేను పండితుణ్ణి కాను. కానీ ఆయన విహారాన్ని తీసేయమనలేదు, కొలతలో ఉంచమన్నాడు. నా షీట్లో నేను తీసేసింది సరిగ్గా దాన్నే.

వాడికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. అప్పుడు బయటపెట్టాడు. ఒకసారి భజన నుంచి వచ్చి, సరిగ్గా నిద్రపోకుండానే బండెక్కితే తెల్లవారుజామున కునుకు పట్టిందట. క్లీనర్ అరిస్తే తేరుకున్నాడట. అందుకే నేను ఢోలక్ మానమనగానే మారుమాట్లాడకుండా మానేశాడు. తప్పు ఢోలక్‌ది కాదు, నిద్రది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టంలో రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని, 5 గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఉండేదని చెప్పాను. నవ్వాడు. మన్ననూర్ దగ్గర శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, పులుల అడవి కాబట్టి. "పులికి రాత్రి రెస్టున్నదన్నా, డ్రైవర్‌కే లేదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కనీసం బయల్దేరే ముందు రాత్రి భజన వద్దని, నిద్ర తగ్గితే లోడ్ ఒప్పుకోవద్దని అనుకున్నాం. ఓనర్‌తో రెండోది ఎన్నిసార్లు కుదురుతుందో చూడాలి.

చెన్నైలో అన్‌లోడింగ్ ఆలస్యమైన ఒక రోజు ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి వెళ్లి రమ్మన్నాను. అక్కడ ఉత్సవమూర్తి ముఖం మీద భీష్ముడి బాణాల గుర్తులుంటాయి. వాడు బయటికొచ్చి ఫోన్ చేసి, "అన్నా, తోలెటోనికే ముందుగాల దెబ్బలు తాకుతయ్" అని కాసేపు ఊరుకున్నాడు.

పోయిన శనివారం నేనూ అమ్రాబాద్‌లోనే ఉన్నాను. పొద్దున వచ్చి లారీ తాళాలు దేవుడి గూట్లో పెట్టాడు, ఫోన్ మరదలికిచ్చాడు, మూడింటిదాకా పడుకున్నాడు. ఓనర్ ఫోన్ చేస్తే ఆమే ఎత్తి "పండుకున్నడు" అంది. సాయంత్రం పాపను భుజాల మీద, ఢోలక్‌ను మరదలి చేతిలో పెట్టి అందరం గుడికెళ్లాం. వాడు రెండు భజనలకే వాయించాడు. మూడోదానికి పాప ఒళ్లోకెక్కి రెండు చేతులతో ఢోలక్ బాదడం మొదలుపెట్టింది. తాళం ఎక్కడికో పోయింది. పాడుతున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగి, పిల్ల దెబ్బలకు సరిపోయేలా పాట వేగం మార్చుకున్నాడు.

జై హనుమాన్. వచ్చే శుక్రవారం కలుద్దాం.