ఆదివారం పనికి రామన్న గుణం

భక్తిలో ఎదిగాడని ఒక మనిషిని దేన్ని చూసి గుర్తుపట్టాలి? మా పల్లెలో ఎవర్నడిగినా ఠక్కున చెబుతారు. తాగడు, బూతు మాట్లాడడు, దశమభాగం ఎగ్గొట్టడు, ఎవరేమన్నా ఎదురు చెప్పడు. ఈ నాలుగూ ఉంటే ఎదిగిన విశ్వాసి కింద లెక్క. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలమని తొమ్మిది గుణాల పేర్లుంటయి. చెట్టు సంగతి కాయ చెబుతుందన్న మాటా సువార్తల్లో ఉన్నదే. గుణాన్ని బట్టి మనిషిని అంచనా కట్టటం తప్పని నేననటం లేదు. నా పేచీ వేరే. ఆ తొమ్మిదింట్లో మా మందిరంలో నేను చిన్నప్పట్నుంచీ పదేపదే విన్నవి రెండే, దీర్ఘశాంతం, సాత్వికం. సంతోషం మీద ఒక ప్రసంగం విన్న గుర్తు కూడా నాకు లేదు. ఈ రెండే మాకెందుకు ఇంత ధారాళంగా పంచుతున్నారు? ఆ కాయ కోసి, రుచి చూసి, బాగుందని చెప్పేదెవరు?

మా నాయన ఊళ్ళో ఒక ఆసామి దగ్గిర ఇరవై ఏళ్ళకు పైగా పాలేరు. తెల్లారకముందే కొట్టంలో పేడ తీసేవాడు, రాత్రి పశువులకు చొప్ప వేసి వచ్చేవాడు. ఆసామి అమ్మనా బూతులు తిట్టినా తలొంచుకుని నిలబడేవాడు. మా అయ్యగారు ప్రసంగంలో ఆయన్ని చూపించి, సాత్వికం అంటే ఇదీ అనేవారు. ఆసామి కూడా పదిమందిలో, "మా పాలేరు నెమ్మదస్తుడు, నోట్లో నాలిక లేదు, కిరస్తానంలో కలిసినోళ్ళు ఇట్లా ఉండాల" అని మెచ్చుకునేవాడు. సంఘకాపరి, ఆసామి ఇద్దరూ కలిసి ఒకే మనిషికి ఒకే సర్టిఫికెట్టు ఇచ్చారన్న మాట. డిగ్రీ చదివేటప్పుడు ఈ సంగతి నా బుర్రలో ముల్లులా గుచ్చుకుంది. తిరిగి మాట్లాడితే మర్నాటికి కూలి ఉండదు, అప్పు పత్రం బయటికొస్తది. అలాంటి చోట నోరు మూసుకున్న మనిషిలో ఉన్నది సాత్వికమో భయమో బయట నిలబడి చూసేవాడికి ఎట్లా తెలుస్తది? రెండూ చూట్టానికి ఒకే తీరుగా ఉంటయి. రెంటికీ తేడా చూపించలేనిది రుజువెట్లా అవుతుంది?

తేడా తెలిసే చోటు ఒకటి ఉంది. మనిషికి చెయ్యెత్తే వీలున్న చోటు. పగలంతా తిట్లు తిన్న మగాళ్ళు రాత్రికి ఆ కసి ఆడవాళ్ళ వీపుల మీద తీర్చుకునే వాడలో మా నాయన ఒక్కసారి కూడా మాయమ్మ మీద చెయ్యెత్తలేదు. అన్నంలో రాయొచ్చినా పక్కన పెట్టి తినేవాడు. అక్కడ ఆయన్ని అడిగేవాడు లేడు, అడ్డేవాడూ లేడు. ఆయన సాత్వికం నిజమైందేనని నాకు తెలిసింది ఆ గుడిసెలో. మా అయ్యగారి ప్రసంగాల్లో మాత్రం ఆ గుడిసె ఊసెప్పుడూ రాలేదు. బహుశా అది చెప్పుకోదగ్గ సంగతి అనిపించి ఉండదు.

ఎప్పుడూ ఇట్లాగే ఉండేదా అని వెనక్కి వెళ్ళి చూస్తే మా వాళ్ళ కత ఇంకోలా ఉంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందే యోగమార్గంలో తిరిగిన మనిషాయన. ఆయన వెంట పల్లెలకు పల్లెలు కదిలినయి. వచ్చినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పటి మనకు ఇవేవో మామూలు ఆచారాల్లా కనపడతయి. అప్పటి ఊళ్ళో వీటి అర్థమేంటో ఆలోచించండి. మాదిగ అంటే ఆసామికి చెప్పులు కుట్టాలి, మోటకి తోలుబాన కుట్టాలి, జాతరకి డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును లాక్కుపోవాలి. పిలిస్తే పలకాలి, దానికి రోజూ వారమూ లేదు. అలాంటివాడు ఒక ఉదయం వచ్చి, "ఈ రోజు రామండీ, మా దేవుడి రోజు" అన్నాడు. జాతర నాడు, "డప్పు కొట్టమండీ" అన్నాడు. ఆసాములకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావుల కాడికి రానివ్వలేదు, అంగట్లో సరుకులు అమ్మనివ్వలేదు, దొంగ కేసులు పెట్టారు, కొట్టారు. మావాళ్ళు మళ్ళీ ఆదివారం కూడా రామనే అన్నారు.

మా పూర్వీకుల భక్తికి మొట్టమొదట దొరికిన రుజువు ఇదే, రామన్న మాట. ఊరి కంటికి అది పొగరు. నిర్గమకాండంలో ఫరో కూడా ఇదే కూత కూశాడు. దేవుణ్ణి సేవించటానికి సెలవడిగిన ఇటుకల కూలీలు అతని కంటికి సోమరిపోతులు. వాళ్ళ తరఫున వెళ్ళి అడిగిన మోషేని మాత్రం సంఖ్యాకాండం భూమ్మీద అందరికంటే సాత్వికుడని చెబుతుంది. సాత్వికుడికి ఫరో ముందు నోరు పెగిలిందన్న ముక్క మా ప్రసంగాల్లో ఎందుకో జారిపోయింది.

గంజి కోసం మతం మారినోళ్ళని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకో మాట. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వే పనిని కంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు సాయం నడుస్తున్న నెలల్లో ఆయనే బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో. సాయం అయిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గిర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గంజి అయిపోయాక వచ్చిన జనం వాళ్ళు.

మరి, రామన్న వాళ్ళ మనవళ్ళకు నోరెత్తకపోవటమే గుణమని ఎప్పుడు చెప్పటం మొదలైంది? నా ఊహ ఇది. దొరలు వెళ్ళాక మందిరానికి సున్నం కొట్టాలన్నా, మైకు పెట్టాలన్నా, సమాధుల దొడ్డికి దారి కావాలన్నా ఊళ్ళో పెద్దమనుషుల దయ కావాల్సొచ్చింది. ప్రసంగం కూడా వాళ్ళ చెవికి ఇంపుగా ఉండాల్సొచ్చింది. అయ్యగార్లను ఒక్కళ్ళనే అనటం అన్యాయం. వాళ్ళ పిల్లలకీ ఆకలుంటది.

ఇక కారంచేడు. నేను పుట్టకముందు జరిగింది, అయినా మా ఇళ్ళల్లో నిన్న జరిగినట్టు చెప్పుకుంటారు. 1985 జులైలో మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గిర పశువుల బకెట్లు కడిగి మురికి చేస్తుంటే కత్తి చంద్రయ్య అనే కుర్రాడు వద్దన్నాడు. అతన్ని కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డొచ్చింది. ఆమె మీదికీ వస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. ఆ మర్నాడు, జులై 17న, కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. ఇది జరిగిన ఎన్నో ఏళ్ళకు ఒక ప్రార్థన కూటంలో, "ఆ పిల్ల ఆ రోజు కొంచెం ఓర్చుకునుంటే పోయేది" అన్న మాట నా చెవులతో విన్నాను. అన్నది మనవాళ్ళే. చంపినవాళ్ళ ఆశానిగ్రహం ఏమైందని ఎవరూ అడగలేదు. చేతిలో గొడ్డళ్ళున్నవాడికి నిగ్రహం గురించి చెప్పరు, బిందె ఉన్న ఆమెకి చెబుతారు. ఆమె తన కోసం కూడా ఎత్తలేదు ఆ బిందె, దెబ్బలు తింటున్న ఇంకొకడికి అడ్డంపడి ఎత్తింది. తల్లిదండ్రులు పెట్టిన పేరేమో సువార్త. ఆ పేరుకి ఆ రోజు ఆమె చేసిన పనికంటే దగ్గిర అర్థం నాకింతవరకు తోచలేదు.

దీర్ఘశాంతం చూడాలంటే ఆ తర్వాతి ఏళ్ళలో చూడండి. బతికినవాళ్ళు చీరాల చేరారు. తిరిగి ఆ ఊరికి పోయి వాళ్ళ పొలాల్లో వంగమని అక్కడే గుడిసెలు వేసుకున్నారు. వాయిదాలకు తిరిగారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. ఇరవై మూడేళ్ళు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే, ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడితే 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇన్నేళ్ళు సాక్ష్యం మార్చకుండా నిలబడటాన్ని ఏ గుణం కింద రాసుకోవాలి? మా మందిరంలో ఎవరూ దాన్ని ఆత్మఫలమని చెప్పగా వినలేదు.

సత్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బడిలో అడ్మిషన్ రిజిస్టరు నా చేతికింద ఉంటుంది. మతం అన్న గడి దగ్గిర తల్లిదండ్రులు ఒక క్షణం ఆగుతారు. ఇంట్లో పిల్లకి ఒక పేరు, రికార్డులో ఒక పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులంగా ఉండాలంటే హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైతే బి.సి. సి గ్రూపు, ఒక్క శాతం. అంటరానితనం మాత్రం ఏ గ్రూపూ చూడదు. గడిలో ఏం రాయించాడన్నదాన్ని బట్టి వాడి విశ్వాసం పచ్చిదనీ పండిందనీ తేల్చే బోధకులున్నారు. వాళ్ళలో చాలామందికి నిజం చెప్పటానికి పైసా ఖర్చు లేదు.

ఇదంతా పైవాళ్ళతో లెక్క. మనకీ చెయ్యెత్తే వీలున్న చోట్లున్నయి. మా గుణం సంగతి అక్కడ తేలాలి. మాల సంఘాలు వేరు, మాదిగ సంఘాలు వేరు. పిల్లనివ్వటం ఎత్తితే ప్రార్థన కూటం కూడా కులసంఘం అయిపోతది. ఆడవాళ్ళు కానుకలు పోగేసి కట్టిన మందిరంలో పెద్దల కమిటీలో ఆడపేరు ఒక్కటి ఉండదు. మా పల్లె వెనక కాలవగట్టున యానాదుల గుడిసెలున్నయి. వాళ్ళలో రెండు కుటుంబాలు నాలుగేళ్ళుగా మందిరానికొస్తున్నయి. గుమ్మం పక్కన కూర్చుంటారు. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. ఈ మధ్య వాళ్ళ ముసలమ్మ జబ్బు పడితే, రేపేమన్నా అయితే మన సమాధుల దొడ్డిలో చోటివ్వమని అడిగారు. మాయమ్మ, "ఇవ్వక ఏం జేస్తారు, ఆమె మనలాగే బాప్తిస్మం తీసుకోలా?" అని కూటంలో అడిగింది. కమిటీ ఆలోచిద్దామంది. మూడు నెలలైంది. వాళ్ళకేం చెబుతారని నేనడిగితే మా పెద్ద ఒకాయన, "తొందరేముందిలే పంతులూ, వాళ్ళు నెమ్మదస్తులు, ఏమనుకోరు" అన్నాడు.