బాకీ ముందా, బిడ్డ ముందా?

వాగ్దానం చేయటం సులభం. దాన్ని నెరవేర్చటానికి చేతి నుంచి డబ్బు తీయవలసి వచ్చినప్పుడే మనిషి అసలు స్వభావం బయటపడుతుంది. ఇది వ్యక్తుల విషయంలో ఎంత నిజమో దేశాల విషయంలోనూ అంతే నిజం.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 193 కలిసి ఒక వాగ్దానం చేశాయి. 2030 నాటికి ఆకలి, కటిక పేదరికం లేకుండా చేస్తామని, ప్రతి బిడ్డకూ చదువు, ప్రతి ఇంటికీ మంచినీరు అందిస్తామని, భావితరాలకు భూమిని భద్రంగా అప్పగిస్తామని 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. వీటికే సుస్థిర అభివృద్ధి లక్ష్యాలని పేరు. గడువు దగ్గర పడింది. మరి పని ఎంతవరకు వచ్చింది?

జరిగిన మేలును కాదనటం న్యాయం కాదు. 2015 తర్వాత మరో 11 కోట్ల మంది పిల్లలు, యువకులు బడి ముఖం చూశారు. 2023 నాటికి ప్రపంచ జనాభాలో 92 శాతం మందికి విద్యుత్తు అందింది. అయినా లెక్క మొత్తం చూస్తే మనసు కుంగుతుంది. ఐక్యరాజ్యసమితి 2025 నివేదిక ప్రకారం, అంచనా వేయటానికి వీలైన అంశాలలో 35 శాతం మాత్రమే సరైన దారిలోనో, ఒక మోస్తరు ప్రగతితోనో ఉన్నాయి. దాదాపు సగం నత్తనడక నడుస్తున్నాయి. 18 శాతమైతే 2015 కన్నా వెనక్కి పోయాయి.

కారణాలు అనేకం. యుద్ధాలున్నాయి, కరోనా వచ్చిపడింది, వాతావరణం గతి తప్పింది. కాని అన్నింటి వెనుక ఉన్న పెద్ద కారణం డబ్బు. వర్ధమాన దేశాలకు ఏటా సుమారు 4 లక్షల కోట్ల డాలర్లు తక్కువ పడుతున్నాయి. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సహాయంగా ఇవ్వాలని 1970లోనే తీర్మానం జరిగింది. 2024లో అవి ఇచ్చింది సగటున 0.3 శాతం పైచిలుకు మాత్రమే. మరోవైపు, ఆరోగ్యం మీదనో చదువు మీదనో పెట్టే ఖర్చు కన్నా వడ్డీకే ఎక్కువ చెల్లిస్తున్న దేశాలలో 340 కోట్ల మంది జీవిస్తున్నారు.

ఇక్కడే ఒక ధార్మిక ప్రశ్న తలెత్తుతుంది. అప్పు తీర్చటం విధి. బిడ్డను పోషించటం కూడా విధి. రెండింటికీ సరిపడా డబ్బు లేనప్పుడు ఎవరి హక్కు ముందు?

జాంబియా చెప్పే పాఠం

ఆఫ్రికాలో రాగి గనులకు పేరొందిన జాంబియా దేశాన్ని చూద్దాం. 1979లో ఆ దేశం వ్యవసాయ యంత్రాల కోసం రుమేనియా దగ్గర అప్పు చేసింది. 1999లో ఒక ప్రైవేటు సంస్థ ఆ పాత బాకీ పత్రాన్ని దాదాపు 33 లక్షల డాలర్లకు కొనుక్కుంది. తర్వాత లండన్ కోర్టుకెక్కి 5 కోట్ల డాలర్లకు పైగా ఇమ్మని దావా వేసింది. 2007లో కోర్టు సుమారు 1.5 కోట్ల డాలర్లు ఇప్పించింది. చట్టం దృష్టిలో అది సక్రమమే! కాని మనస్సాక్షి ఒప్పుకుంటుందా? బ్రిటన్ పార్లమెంటే 2010లో ఇలాంటి దావాలకు కళ్ళెం వేస్తూ చట్టం చేయవలసి వచ్చింది.

అలాగని తప్పంతా అప్పిచ్చినవారిదే అనటం కూడా సత్యం కాదు. 2005లో జాంబియా బాకీలలో అధిక భాగం మాఫీ అయ్యాయి. ఆ వెసులుబాటుతో 2006లో గ్రామీణ ఆసుపత్రుల్లో ఫీజులు రద్దు చేశారు. పేదలకు ఊరట కలిగింది. కాని 2012, 2015 మధ్య పాలకులు మళ్ళీ విదేశీ మార్కెట్లలో 300 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు. చివరి విడత మీద వడ్డీ దాదాపు 9 శాతం! 2020 నవంబరులో వడ్డీ వాయిదా కట్టలేక దేశం చేతులెత్తేసింది. సంతకాలు చేసింది పాలకులు, భారం మోసింది సామాన్యులు.

మస్జిదులో జరిగిన తీర్పు

ఇస్లాం అప్పును తేలికగా తీసుకోలేదు. బాకీ మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించటానికి దైవప్రవక్త (సఅసం) వెనుకాడారు. ఒక సహచరుడు ఆ బాకీ బాధ్యత తనమీద వేసుకున్న తర్వాతే చేయించారు. స్థోమత ఉండి కూడా వాయిదా వేయటం అన్యాయమని హెచ్చరించారు. అదే సమయంలో, ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మంచిదని దివ్యఖుర్ఆన్ (అల్ బఖరా: 280) బోధిస్తుంది. దివాలా తీసినవాని ఆస్తిని అప్పులవాళ్ళకు పంచేటప్పుడు కూడా అతని ఒంటిమీది బట్టలు, ఆలుబిడ్డల తిండి వదలాలని ఫిఖహ్ పండితులు నిర్ణయించారు. అంటే బిడ్డ కంచంలోని అన్నం అప్పులవాడి హక్కులోకి రాదు. ఇది దయ కాదు, న్యాయం.

బుఖారీ గ్రంథంలో నమోదైన ఒక సంఘటనను గుర్తు చేసుకుందాం. కఅబ్ బిన్ మాలిక్ (రజి) మస్జిదులో ఇబ్నె అబీ హద్రద్ (రజి)ని బాకీ అడిగారు. మాటలు పెరిగి గొంతులు లేచాయి. ఇంట్లో ఉన్న దైవప్రవక్త (సఅసం) తెర తొలగించి బయటకు వచ్చారు. సగం వదిలేయమని కఅబ్‌కు చేతితో సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు రెండోవారిని, లేచి మిగతాది చెల్లించమన్నారు.

ఎంత చక్కని తీర్పు! అప్పిచ్చినవాడు కొంత వదిలాడు, తీసుకున్నవాడు జాప్యం మానాడు. ఒక్క సైగతో తగాదా తెగింది. జాంబియా విషయంలోనో? అప్పిచ్చిన ప్రభుత్వాలు గడువు పెంచటానికి అంగీకరించింది 2023 జూన్‌లో. బాండ్లు కొన్నవారితో ఒప్పందం ముగిసింది 2024లో. ఆ ఏడాదే భయంకరమైన కరవు వచ్చి మొక్కజొన్న పంటను మాడ్చేసింది. ఈ మధ్యకాలంలో ఒక మేలు మాత్రం జరిగింది. 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో ఫీజులు తీసేశారు. చాలా బాకీల చెల్లింపు అప్పటికి నిలిచి ఉండటం గమనార్హం.

బాకీలు మాఫీ చేస్తే ఇక ఎవరు అప్పిస్తారని కొందరంటారు. ఆలోచించదగిన ప్రశ్నే. కాని 9 శాతం వడ్డీ అడిగింది నష్టభయం ఉందనే కదా! ఆ భయానికి వెల కట్టి తీసుకున్నవాడు, నష్టం వచ్చినప్పుడు మాత్రం నాకు సంబంధం లేదంటే ఎలా? లాభం కోరేవాడు నష్టంలోనూ భాగస్థుడే అన్నది ఫిఖహ్‌లో ప్రసిద్ధ సూత్రం.

మన ఇంటి పద్దు

ప్రపంచ దేశాల లెక్కలు మన చేతిలో లేవు. మన ఇంటి లెక్క మాత్రం మన చేతిలోనే ఉంది. మన దగ్గర చేబదులు తీసుకున్న మేస్త్రీకి, పనిమనిషికి, బంధువుకు పిల్లల ఫీజు కట్టే నెలలో మనం గడువిస్తున్నామా? జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు కూడా ఉన్నారని మనలో ఎందరికి గుర్తుంది? మనం బాకీపడి ఉంటే, చేతిలో డబ్బుండి కూడా ముఖం చాటేస్తున్నామా? సంపన్న దేశాలను విమర్శించే ముందు ఈ మూడు ప్రశ్నలకు మనం జవాబు చెప్పుకోవాలి.

అల్లాహ్ మనకు ఇచ్చేచోట ఉదారతను, తీర్చేచోట నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.