పండ్రెండు రాళ్లు

ధ్యానభాగము: యెహోషువ 4:1–9



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు గోత్రమునకు ఒకడు చొప్పున పండ్రెండుగురు నది నడుమనుండి రాళ్లను భుజములపై మోసికొని వచ్చిరి. ఆ కుప్పలో నాయకుడైన యెహోషువకు ప్రత్యేకముగా ఒక పెద్దరాయి లేదు. రేపు పిల్లలు వీటి భావమేమని అడిగినప్పుడు పెద్దలు చెప్పవలెను. అందుకే ఆ రాళ్లు.

మన ప్రాంతపు సంఘచరిత్రలో గొప్ప మలుపు ఏది అని అడిగినయెడల అనేకులు 1878 జూలై 3 అందురు. ఆ దినమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అమెరికా బాప్తిస్టు సంఘములు ఆ సంఖ్యను క్లౌ దొరగారి పేరుతో కలిపి జ్ఞాపకముంచుకొన్నవి. అది తగినదే. అయినను ఆ దినము ఎక్కడనుండి వచ్చెను?

1840లో డే దొరగారు నెల్లూరులో పని ఆరంభించిరి. ఏండ్లు గడచినను ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున మిషను సభ కూడి, ఈ పనిని విడిచిపెట్టవలెనా అని చర్చించెను. ఎస్. ఎఫ్. స్మిత్ గారు ‘ఒంటరి నక్షత్రము’ అను పద్యము వ్రాయగా సభవారి మనస్సులు కదలెను, పని నిలిచెను. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు, జూలియా, రూతు అను ఐదుగురు మోకరించి ప్రార్థించిరి. కొండను నేటికిని ప్రార్థన కొండ అందుము. జూలియా, రూతుల పేర్లు మనలో ఎందరికి తెలియును?

1876–78 కరవులో క్లౌ దొరగారు కాలువపనిలో ఒక భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిప్పించిరి. ధాన్యము కొరకు ఎవరును సంఘములో చేరకూడదని బాప్తిస్మములను నిలిపియుంచిరి. మన తీరమున పారు ఆ కాలువకు గవర్నరు బకింగుహాము పేరు నిలిచెను. త్రవ్విన మాదిగ సోదరుల పేర్లు నిలువలేదు. 2,222 మందికి బాప్తిస్మమిచ్చినవారును తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరుగా వంతులు తీసికొనిరి.

“దేవునికి వారి పేర్లు తెలియును గదా, మనకెందుకు?” అని కొందరందురు. దేవుడు మరువడు, నిజమే. కాని ఆ పండ్రెండు రాళ్లు దేవుని జ్ఞాపకము కొరకు కాదు, పిల్లల కొరకు నిలిపిరి. తాతలు లెక్కలో ఒక అంకె మాత్రమేనని వినిన బిడ్డ, తానును అంకెనే అనుకొనును. తాతయు ఒక రాయి మోసెనని వినిన బిడ్డ తన భుజమును సిద్ధపరచుకొనును. నాయకుని గౌరవించుట తప్పు కాదు. తక్కిన పదకొండు రాళ్లను తీసివేయుటయే తప్పు.

కావున ఈ నెలలో మీ యింటి వృద్ధులయొద్ద కూర్చుండుడి. మన కుటుంబములో మొదట ప్రభువును నమ్మినది ఎవరు, ఏ యూరు, ఏ పని అని అడిగి, ఒక పుస్తకములో వ్రాసి పెట్టుడి. వారు వెళ్లిపోయిన తరువాత అడుగుటకు ఎవరుందురు?

ప్రభువా, మాకు ముందు మోసినవారిని మరువని హృదయము దయచేయుము. ఆమేన్.