రొమ్ము వ్యాధియు పురుషుని సిగ్గును

తెలుగున "రొమ్ము" అను మాటకు రెండు బ్రతుకులు గలవు. ధైర్యవంతుని గూర్చి చెప్పునపుడు రొమ్ము విరుచుకొని నిలిచెనందుము. ఆ రొమ్మునకే క్యాన్సరు సోకినదని వైద్యుడు చెప్పినచో, ఆ ధైర్యవంతుడే తల వంచుకొనును. "ఇది ఆడవారికి వచ్చు జబ్బు కదా, నలుగురికి తెలిసిన నవ్వరా?" అని లోలోన కుములును. ఒకే అవయవము ఒకచో పౌరుషమునకు గుర్తై, వేరొకచో సిగ్గునకు కారణమెట్లయ్యెను? రోగమును దాచుకొను హక్కు మనుష్యునకు ఎంతవరకు కలదు? ఈ రెండు ప్రశ్నలను శరణబంధువులతో కలిసి ఆలోచింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా వ్యాధి సంగతి తెలిసికొందము. బాల్యమున ఆడపిల్లకును మగపిల్లవానికిని రొమ్ములోని కణజాలము ఇంచుమించు ఒక్కటే. యుక్తవయస్సున స్త్రీలలో అది పెరుగును; పురుషులలో చనుమొన వెనుక కొద్దిగా మిగిలియుండును. ఆ కొద్దిపాటి దానియందును క్యాన్సరు పుట్టగలదు. రొమ్ము క్యాన్సరు వచ్చిన 100 మందిలో పురుషుడు సుమారు ఒక్కడు. 60 యేండ్లు దాటినవారిలో ఇది హెచ్చు. సాధారణముగా చనుమొన క్రింద నొప్పిలేని గడ్డగా మొదలగును. కొందరికి చనుమొన లోనికి ముడుచుకొనును, రసి గాని నెత్తురు గాని కారును, పైచర్మము సొట్టపడును. మామోగ్రాం, అల్ట్రాసౌండ్ పరీక్షలు చేసి, సూదితో చిన్నముక్క తీసి చూచినచో నిజము తేలును. శస్త్రచికిత్సతో రొమ్మును తొలగించుట, అవసరమును బట్టి రేడియేషన్, కీమోథెరపీ ఇచ్చుట, పిదప కొన్ని యేండ్లు టామోక్సిఫెన్ మాత్రలు వాడించుట సాధారణ చికిత్సాక్రమము. స్త్రీ హార్మోనని మనము పిలుచు ఈస్ట్రోజెన్ ప్రతి పురుషుని దేహమునను కొద్దిగా కలదు. పురుషులకు వచ్చు రొమ్ము క్యాన్సర్లలో అత్యధిక భాగము దాని ఊతతోనే పెరుగును. ఆ ఊతను ఈ మాత్ర అడ్డగించును. స్త్రీపురుషుల నడుమ మనము గీసినంత గట్టి గీతను ప్రకృతి గీయలేదని దీనివలన తెలియుచున్నది.

త్వరగా గుర్తించినచో నయమగుటకు మంచి అవకాశము గలదు. కాని పురుషులు తరచు ఆలస్యముగా వైద్యుని కడకు పోవుదురు. తమకు రాదను నమ్మకము ఒక కారణము. వచ్చినదని చెప్పుటకు సిగ్గు రెండవది. తెలియనితనమును ఒక్క మాటతో పోగొట్టవచ్చును. సిగ్గును పోగొట్టుటకు విచారణ కావలెను.

అమెరికా దేశమున రిచర్డ్ రౌండ్‌ట్రీ అను నటుడుండెను. 1971లో వచ్చిన "షాఫ్ట్" చిత్రమున ఎవరికిని జంకని డిటెక్టివు వేషము ధరించి, నల్లజాతి వీరనాయకునిగా పేరొందెను. 1993లో ఆయనకు రొమ్ము క్యాన్సరని తేలినది. రెండు రొమ్ములను తొలగించిరి, కీమోథెరపీ ఇచ్చిరి. తెరపై పౌరుషమునకు ప్రతిరూపమైన ఆ మనిషి ఈ సంగతిని కొన్ని యేండ్లు లోకమునకు తెలియనీయలేదు. తెలిసినచో వేషములు రావేమోయని భయపడెను. పిదప తానే నోరు విప్పి, పురుషులకును ఈ వ్యాధి వచ్చునని బహిరంగముగా చెప్పసాగెను. వ్యాధి బయటపడిన 30 యేండ్లకు, 2023లో, క్లోమమునకు వచ్చిన క్యాన్సరుతో మరణించెను. చికిత్సానంతరమును ఆయన నటజీవితము సాగుచునే యుండెను. గడ్డను తొలగించినది వైద్యుల కత్తి. సిగ్గును తొలగించుకొనుటకు ఆయనకు ఏండ్లు పట్టినది.

ఈ సిగ్గునకు మూలమేమి? గుండెపోటు వచ్చినవాడు సిగ్గుపడడు. కాలు విరిగినవాడు సిగ్గుపడడు. కావున ఇది రోగమును గూర్చిన సిగ్గు కాదు. తాను "ఆడదానివలె" అయితినను సిగ్గు. అనగా స్త్రీదేహము తక్కువదను తలంపు ముందే మనసున పాతుకొని యున్నది. రోగము దానిని బయటకు లాగినది. బసవేశ్వరుని మార్గమున నడచువారు ఈ తలంపును క్షణమైనను సహింపరాదు. 12వ శతాబ్దమున శరణులు పంచసూతకములను త్రోసిపుచ్చిరి. జననము, మరణము, జాతి, ఎంగిలి, రజస్సు అను వీనిలో ఏదియు లింగధారికి మైల కాదనిరి. స్త్రీకిని ఇష్టలింగమిచ్చి, అనుభవ మంటపమున అక్కమహాదేవిని గౌరవించిరి. స్త్రీ దేహధర్మమే మైల కానపుడు, స్త్రీలకు హెచ్చుగా వచ్చు వ్యాధి పురుషునకు వచ్చినంతమాత్రమున అవమానమెట్లగును? పంచసూతకములు లేవని సభలో పలికి, ఇంటిలో ఆరవ సూతకమును పెట్టుకొనుట న్యాయమా?

ఇచట ఒకరు అడుగవచ్చును: "నా దేహము నాది, నా రోగమును ఊరంతకు చాటవలెనా?" అక్కరలేదు. మౌనము వేరు, మరుగు వేరు. ఊరివారికి చెప్పకుండుట మౌనము. అది అతని ఇష్టము. వైద్యునికి చూపకుండుట, భార్యాబిడ్డలకు చెప్పకుండుట మరుగు; అది ఇతరులకును హాని చేయగలదు. ఏలయన, కొన్ని వంశములలో ఈ వ్యాధి జన్యువుల ద్వారా వచ్చును. బి.ఆర్.సి.ఏ.2 అను జన్యువున లోపముగల తండ్రినుండి ఆ లోపము ప్రతి బిడ్డకును, కొడుకైనను కూతురైనను, 100కి 50 పాళ్లు సంక్రమించు అవకాశము గలదు. రొమ్ము క్యాన్సరు తల్లివైపు నుండియే వచ్చునని పలువురు తలంతురు, అది సరికాదు. గాయని బియాన్సే తండ్రియగు మాథ్యూ నోల్స్‌కు 2019లో ఈ వ్యాధి బయటపడినది. పరీక్షలో ఆ జన్యులోపమే కనబడినది. ఆయన దాచక, తన కుటుంబమునకును లోకమునకును తెలియజెప్పెను. పొలము పత్రములను బిడ్డలకు చూపక దాచిన తండ్రిని మనము తప్పుపట్టుదుము. వారి ప్రాణమునకు సంబంధించిన సంగతిని దాచుట అంతకన్న చిన్నదా?

అయినను సిగ్గుపడువానిని నిందించుట ధర్మము కాదు. ఆ సిగ్గును అతడొక్కడే పెంచలేదు. "ఆడంగి" యని నవ్విన ప్రతి నోరును దానికి నీరు పోసినది. కావున అతనికి చెప్పుమని బోధించుటకు ముందు, అతడు చెప్పగల ఇంటిని మనము సిద్ధముచేయవలెను.

చికిత్స ముగిసిన పురుషుని ఎదపై ఒక మచ్చ మిగులును. కొందరికి చేయి వాయును, మాత్రల వలన ఒడలు ఆవిరులు వచ్చును, మనసు క్రుంగును. అతడు చొక్కా విప్పి పూజకు కూర్చుండుటకు జంకినచో, ఇంటివారు పక్కన కూర్చుండి ధైర్యము చెప్పవలెను. ఇష్టలింగము ఆ ఎదపైననే యుండును. మచ్చపడినంత మాత్రమున ఆ స్థానమునకు లోపము లేదు. దేహమును లింగమునకు నెలవుగా తలచువారు దానిని పరీక్షించుకొనుటయు ధర్మముగా తలపవలెను. మఠములలో ఉపన్యసించు పెద్దలు ఈ వ్యాధి పేరును పురుషుల యెదుటను ఉచ్చరించినచో, ఒక్కడైనను ఆ రాత్రి తన ఎదపై చేయి వేసి చూచుకొనును. గడ్డ తగిలినచో మరునాడు వైద్యుని కడకు పోవును. ఒక్క ప్రాణము నిలిచినను ఆ మాట దాసోహమే యగును.