తెరపై తిరునామము



ధర్మపురి క్షేత్రమునకు వచ్చు యాత్రికులు గోదావరిలో స్నానమాడి, శ్రీ లక్ష్మీనరసింహస్వామివారిని సేవించి, అచ్చటనే కొలువైయున్న యమధర్మరాజునకు కూడ నమస్కరింతురు. యమునికి గుడి యుండుట మన దేశమున అరుదు. ఆ సన్నిధిలో నిలిచినవానికి చిత్రగుప్తుని లెక్క తలపునకు రాక మానదు. ఆ లెక్కకొక విశేషము కలదు. ఎవని లెక్క వాడు వ్రాసికొనడు. నేటి మానవుడు తన లెక్క తానే వ్రాసికొని, తన చిత్రమును తానే ఏరుకొని, సెల్‌ఫోను తెరమీద లోకమునకు చూపుచున్నాడు. దానికి ప్రొఫైలని పేరు. వ్రాసికొనువాని సంగతి అటుంచుదము. దానిని చూచి ఆ మనిషి శీలమిట్టిదని తీర్పు చెప్పువారిని గూర్చియే మనమిచట విచారింపవలసియున్నది.

ఫేస్‌బుక్కు 2004లోను, వాట్సాప్ 2009లోను, ఇన్‌స్టాగ్రాము 2010లోను పుట్టినవి. పట్టుమని పాతికేండ్లు నిండని ఈ సాధనములు మన యిండ్లలో పెండ్లి సంబంధములు విచారించు పెద్దమనుష్యుల స్థానము నాక్రమించినవి. పూర్వము కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో (2016లో ఇవి పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి) సంబంధము వచ్చినచో పొరుగింటివారిని, పాలు పోయువారిని, బడిపంతులును అడిగెడివారు. వారు చెప్పునదంతయు సత్యమని కాదు. అసూయతో చెప్పువారును ఉండిరి. అయినను వారు ఆ పిల్లవానిని కోపములో చూచినవారు, జ్వరములో చూచినవారు. నేడు అతని పుట చూతురు. లలాటమున తిరునామము, చేత తులసిమాల యున్న చిత్రము కనబడినచో సదాచారవంతుడందురు. మిత్రులతో నవ్వుచున్న చిత్రమున్నచో తిరుగుబోతందురు. తిరునామము ధరించినవానిని గౌరవింపవలసినదే, సందేహము లేదు. కాని తెరమీది తిరునామము తిరుమణిపెట్టెలోనిది కాదు గదా!

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి దుబాయి, కువైట్, సౌదీ దేశములకు పొట్టకూటికై వెళ్ళినవారు వేలకొలదిగ నున్నారు. ఎండలో ఇటుకలు మోసి మేడ కట్టిన కూలివాడు, సెలవునాడు ఆ మేడ ముందరనే నల్లకండ్లద్దములు పెట్టుకొని ఫొటో తీసికొని పంపును. పలువురితో కలసి పండుకొను గదిని చూచినచో తల్లి అన్నము మానునని అతని భయము. ఆ ఫొటో చూచిన ఊరివారు “వీనికేమి కొదువ, దొరవలె నున్నాడు” అని అప్పు తీర్చుమని యింటిమీదికి వత్తురు. ఇక యింటనున్న యిల్లాలి మాట యేమని చెప్పుదుము! పగలంతయు బీడీలు చుట్టి పిల్లలను చదివించుకొను ఆ తల్లి, బతుకమ్మ పండుగనాడు క్రొత్తచీర కట్టుకొని వాట్సాప్ స్టేటస్‌లో నొక చిత్రము పెట్టినదనుకొనుడు. “మగడు దేశములో లేడు, ఈ సింగారమెవరికి?” అని నలుగురు నాలుగు మాటలందురు. ఆ మాట కడలి దాటి మగని చెవిని పడుటకు గడియ చాలును. ఇట్లు చితికిన కాపురమునకు కారకులైనవారు తామేదియు చేయలేదనియే అనుకొందురు. చూచితిమి, అంటిమి, అంతియే గదా యని.

శ్రీమద్రామాయణమున ఈ విషయము రెండు విధముల కనబడును. పంచవటికి వచ్చిన రావణుడు మెత్తని కాషాయము కట్టెను, శిఖ యుంచెను, గొడుగును పాదుకలును ధరించెను, దండకమండలువులు భుజమున దాల్చెను. వేషమునందు లోపమేమియు లేదు. సీతమ్మ ఆతని నతిథిగ భావించి ఆసనమిచ్చినది. ఆ తల్లికి దోషము లేదు. వేషము చేసిన పని యది. సముద్రతీరమున దానికి విపర్యయముగ జరిగినది. నలుగురు సహచరులతో వచ్చి ఆకాశమున నిలిచిన విభీషణుడు రాక్షసుడు, ఆయుధపాణి, అన్నిటికి మించి రావణుని తమ్ముడు. నేటి మాటలో చెప్పవలెనన్న ఆతని ప్రొఫైలు మిక్కిలి చెడ్డది. సుగ్రీవుడు చంపుమనెను. అంగదుడు గుణదోషములు తూచుమనెను. శరభుడు చారుని పంపుమనెను. రాకూడని వేళ రాకూడని చోటికి వచ్చెనని జాంబవంతుడు శంకించెను. మైందుడు మెల్లగ ప్రశ్నింపుమనెను. వీరెవ్వరును మూర్ఖులు కారు. యుద్ధము ముందున్నప్పుడు జాగరూకత తప్పదు.

అంతట మన కొండగట్టు స్వామి, ఆంజనేయుడు, మాటలాడెను. ఎదుట నిలిచినవానిపై చారుని పంపుటలో అర్థము లేదనెను. బుద్ధిమంతుని హఠాత్తుగ ప్రశ్నించినచో అతడు మనలనే శంకించుననెను. ఈతని మాటలో దుష్టభావము తోచలేదనియు, ముఖము ప్రసన్నముగ నున్నదనియు చెప్పెను. హనుమంతుడును ముఖమునే గదా చూచెనని కొందరనవచ్చును. ముఖమును చూచుట వేరు, ముఖచిత్రమును చూచుట వేరు. ఆయన ఎదుటనున్న ప్రాణిని చూచెను, పలుకు వినెను. అంతేకాక, దూతను చంపరాదని లంకాసభలో అడ్డుపడిన విభీషణుని నడవడి ఆయన స్వయముగ కన్నది.

చిత్రములు చూచి ఏమియు తెలియదని చెప్పుట కూడ న్యాయము కాదు. 2010లో మిట్యా బాక్ అను పండితుడును ఆతని సహచరులును అమెరికా, జర్మనీ దేశములలోని 236 మంది ప్రొఫైళ్ళను అపరిచితులకు చూపి స్వభావము నూహింపుమనిరి. ఆ ఊహలను వారి స్వీయ వివరణతోను, మిత్రుల మాటతోను పోల్చిరి. నలుగురితో కలియు గుణము, క్రొత్తదనమునందలి ఆసక్తి చక్కగనే తెలిసినవి. మనసులోని ఆందోళన మాత్రము తెలియలేదు. అనగా పండుగ కనబడినది, దుఃఖము కనబడలేదు. ఇక ఋణము తీర్చునా, ముదుసలి తల్లిని చూచుకొనునా యన్న ప్రశ్నలు ఆ పరిశోధనలో లేనే లేవు.

రాజ్యముల మాట వేరు. అమెరికా 2019 నుండి వీసా కోరువారిని గత ఐదేండ్ల ఖాతాల పేర్లడుగుచు వచ్చినది. 2025 జూన్ మాసమున విద్యార్థులు తమ ఖాతాలను అందరికి కనబడునట్లుంచవలెనని ఆదేశించినది. మన తెలుగు బిడ్డలనేకులు ఎప్పుడో పెట్టిన హాస్యపు మాటలను వెదకి చెరిపివేసిరి. రాజ్యమునకు దాని భయములు దానికుండును. ఇంటికి రాబోవు కోడలిని కూడ ఆ అధికారి కంటితోనే చూడవలెనా? 2018 మే మాసమున పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని వాట్సాప్‌లో వచ్చిన చిత్రములను నమ్మి, తెలంగాణములో జనము అమాయకులను కొట్టి చంపిరి. ఆ సంవత్సరము జూలైలో సందేశము నొకసారి ఐదింటికి మించి పంపరాదని ఆ సంస్థ మన దేశమున హద్దు పెట్టినది. పోయిన ప్రాణములు రాలేదు.

పిళ్ళైలోకాచార్యులవారు శ్రీవచనభూషణమున అపచారములను చెప్పుచు, భగవంతునికి చేసిన దానికంటె భాగవతునకు చేసిన దానిని క్రూరతరముగ నెన్నినారు. భాగవతుడెవరో పైకి తెలియదు. లోకసారంగముని రాయి విసరినది పాణరువారిపైననే. ఆ పాణరునే భుజములపై మోసికొని శ్రీరంగనాథుని సన్నిధికి తేవలసివచ్చినది.

ఆడపిల్లనిచ్చువారు విచారింపరాదని ఎవ్వరు నందురు? విచారింపవలెను. ఆ యింట నొకపూట కూర్చుండి, అతడు తమ్ముని ఎట్లు పిలుచునో, నీళ్ళు తెచ్చినవారితో ఎట్లు మాటలాడునో చూడవలెను. పనిచేయు చోటికి పోయి తోటివారినడుగవలెను. దీనికి కాలము పట్టును, బస్సు కిరాయియు అగును. శ్రీరాముడును అందరి మాటలు వినిన పిమ్మటనే పలికెను. మిత్రభావముతో వచ్చినవాని విడువననియు, అతడు విభీషణుడైనను, సాక్షాత్తు రావణుడే యైనను తోడ్కొని రమ్మనియు సుగ్రీవునితోనే చెప్పెను. చంపుమన్న ఆ సుగ్రీవుడే చేతులు మోడ్చి, విభీషణుడు మాతో సమానుడగుగాక, మాకు మిత్రుడగుగాక యనెను.