మంచి ఎవరి ఖాతాలో?

కల్పిత లోకాల్లో మతాన్ని వెతక్కండంటారు సాహిత్య మిత్రులు. గుర్రాలు మాట్లాడే దేశంలో కూడా మీకు మీ గడ్డాలూ టోపీలేనా కనిపించేది అంటారు. మేం వెతకలేదు. అవే మాకు ఎదురొచ్చాయి.

సి.ఎస్. లూయిస్ 1950 నుంచి 1956 దాకా ఇంగ్లిషులో ఏడు ‘నార్నియా’ నవలలు రాశాడు. పిల్లల కోసం రాసినవే అయినా పెద్దలూ చదువుతారు. ఇంగ్లిషు మీడియంలో చదివే మా పిల్లల చేతుల్లోకీ వచ్చాయి. నార్నియాకి దేవుడు అస్లాన్ అనే సింహం. దక్షిణాన, ఎడారికి అవతల కాలోర్మెన్ సామ్రాజ్యం. అక్కడి మనుషులు నల్లనివాళ్లు. తలపాగాలు, గడ్డాలు, వంపు కత్తులు. బానిసల్ని అమ్ముతారు, కొంటారు. వాళ్ల దేవుడు తాష్‌ది రాబందు తల. అతనికి నరబలులిస్తారు. 1954లో వచ్చిన ‘ది హార్స్ అండ్ హిజ్ బాయ్’ నిండా వీళ్లే.

దీనిమీద పాఠకులు రెండుగా చీలారు. ఇది జాత్యహంకారమని ఫిలిప్ పుల్‌మన్ లాంటి నవలాకారులే అన్నారు. కాదనేవాళ్లు రెండు మాటలు చెబుతారు. విగ్రహాన్ని కొలిచేవాళ్లు ముస్లింలెలా అవుతారు? ఆ నవల్లో ధైర్యవంతురాలైన అరావిస్ కాలోర్మెన్ పిల్లే కదా? రెండూ నిజమే. మొదటి నిజమే మా బాధ. నమాజు మాది కాదు, నమ్మకం మాది కాదు, బట్టలు మాత్రం మావి. దూరం నుంచి చూసేవాడికి మేం ఎప్పుడూ బట్టలుగానే కనిపిస్తాం.

ఇంకో విడ్డూరం. అస్లాన్ అన్నది టర్కీ మాట. సింహమని అర్థం. ఎడ్వర్డ్ లేన్ ఇంగ్లిషులోకి తెచ్చిన అరేబియన్ నైట్స్ వివరణల్లో ఈ పేరు దొరికిందని లూయిసే ఒక ఉత్తరంలో రాశాడు. దేవుడి పేరూ మా వైపు నుంచే, దుర్మార్గుల తలపాగాలూ మా వైపు నుంచే!

అయితే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ దుర్మార్గులు కాదు, ఒక మంచివాడు. 1956 నాటి ‘ది లాస్ట్ బ్యాటిల్’లో ఎమెత్ అనే కాలోర్మెన్ యువ సైనికుడొస్తాడు. ఆ పేరుకి హీబ్రూలో సత్యమని అర్థం. చిన్నప్పట్నుంచీ తాష్‌ని నిజాయితీగా కొలిచినవాడు. చివరికి అస్లాన్ ఎదుటపడతాడు. ఇక చావే అనుకుంటాడు. అస్లాన్ అతన్ని దగ్గరికి తీసుకుంటాడు. తాష్ పేరున నువ్వు చేసిన మంచంతా నాకు చేసినట్టే లెక్క అంటాడు. నా పేరున ఎవడైనా క్రూరత్వం చేస్తే అది తాష్‌కే చెందుతుందనీ అంటాడు.

చాలామంది పాఠకులకు ఈ ఘట్టమంటే ప్రాణం. పరాయి దేవుణ్ణి కొలిచినవాడికి స్వర్గమేమిటని కొందరు క్రైస్తవులు లూయిస్‌ని తప్పుపట్టారు కూడా. శత్రు సైనికుడికి తన స్వర్గం తలుపు తీయడం చిన్న విషయం కాదు. ఆ దయని మేం కాదనం. కానీ ఆ లెక్కని ఒకసారి సరిచూడండి. అటువైపు మంచి ఇటు జమ. ఇటువైపు చెడు అటు జమ. ఇలా రాసుకుంటూ పోతే అస్లాన్ ఖాతాలో ఎప్పటికీ మచ్చ పడదు. తాష్ ఖాతాలో ఎప్పటికీ ఒక్క మంచి పనీ మిగలదు. ఎమెత్ గెలిచాడు. అతన్ని పెంచిన ఇల్లూ, ఊరూ ఓడిపోయాయి.

ఈ లెక్క మాకు కొత్త కాదు. ‘నువ్వసలు ముస్లింలా ఉండవు’ అని మెచ్చుకునే స్నేహితులు మాలో చాలామందికున్నారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మెప్పు అందుకోవాలంటే అమ్మీనీ అబ్బానీ గుమ్మం బయటే వదిలి రావాలి. తప్పు చేసినవాడు మాత్రం అచ్చం ముస్లింలాగే ఉంటాడు! వాడి కోసం ఖౌమ్ మొత్తం సంజాయిషీ చెప్పుకోవాలి. ఇది ఒక్క మతానికే పట్టిన జబ్బు కాదు. మంచి హిందువునో మంచి క్రైస్తవుణ్ణో చూసి ‘కలిమా ఒక్కటే తక్కువ’ అనే పెద్దలు మా బస్తీల్లోనూ ఉన్నారు. అదీ ఇదే లెక్క.

పరాయివాడిలోని మంచిని గుర్తించడం వేరు, దాన్ని సొంతం చేసుకోవడం వేరు. ఆ మంచి అతని దేవుడిదీ, అతని తల్లిదీ, అతని వాడదీ అని ఒప్పుకోవడమే గౌరవం. అలా ఒప్పుకుంటే మన వైపు జరిగిన చెడు కూడా మనదేనని ఒప్పుకోవాల్సి వస్తుంది. కష్టమంతా అక్కడే ఉంది.

నార్నియాని నిషేధించమని మేం అడగం. మా పిల్లల్ని చదవనిస్తాం. ఎమెత్ దగ్గరికొచ్చాక ఒక్క ప్రశ్న వేస్తాం. ఇతనికి నిజాయితీ నేర్పిందెవరు? తండ్రి పేరూ ఊరి పేరూ ఒక్క ముక్కలో చెప్పించి రచయిత ముందుకెళ్లిపోయాడు. ఆ ఇంట్లోకి మాత్రం పాఠకుణ్ణి తీసుకెళ్లలేదు. ఆ ఇంటి కథ ఇంకా రాయాల్సే ఉంది. అది రాయాల్సింది ఆ ఇంటివాళ్లే.